43 కిలోల చక్: మా షాపులో బరువులెత్తే సరంజామా కట్టుకున్న డైరీ

జూన్ 10

శనివారం సాయంత్రం మా కుర్రాడి వేలు నలిగింది. లేత్ మీద నుంచి ఫోర్ జా చక్ దించుతున్నారు, అంటే తిప్పి కోయవలసిన వస్తువును నాలుగు దవడలతో (జాలతో) పట్టి ఉంచే బరువైన బిళ్ల. మేస్త్రిగారు ఒకవైపు, కుర్రాడు ఒకవైపు. మా లేత్‌ది డి1-6 క్యామ్‌లాక్ స్పిండిల్: చక్‌ను తిప్పే ఈ ఇరుసులో క్యాములనే ఆరు తాళాలు చక్‌ను బిగించి పట్టుకుంటాయి. ఆరు క్యాములూ తిప్పేశాక కూడా చక్ కదల్లేదు. స్పిండిల్ ముక్కు మీద ఉండే చిన్న వాలులో బిగుసుకుపోయింది. చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేశారు, కదల్లేదు. మూడో దెబ్బకు ఒక్కసారిగా ఊడి వచ్చింది. ఇద్దరూ పట్టుకున్నారు, పడనివ్వలేదు. మెల్లగా బెడ్ మీది పలక పైకి దించారు కూడా. చివరి రెండంగుళాల్లో కుర్రాడి ఎడమచేతి ఉంగరపు వేలు అంచు కింద ఉండిపోయింది. ఎక్స్‌రేలో ఎముక చివర చిట్లినట్టు తేలింది. మూడు వారాలు కట్టు ఉండాలన్నారు.

ఇరవై రెండేళ్లుగా బాలానగర్‌లో ఈ షాపు నడుపుతున్నాను. చక్‌ను చేతులతో ఎత్తడం ఇక్కడ పనితనంలో భాగం. ఎత్తలేనివాణ్ణి టర్నర్ అనరు. నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పాను. ఆ కుర్రాడి వాళ్లమ్మ ఆసుపత్రి బల్ల మీద కూర్చుని నన్నేమీ అనలేదు. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను. మా షాపులో ఇకమీదట ఏ బరువు కిందా ఎవరి చెయ్యీ ఉండకూడదు.

జూన్ 11

ముందు అన్నింటినీ తూచాం. పక్క షెడ్డు నుంచి ప్లాట్‌ఫారం కాటా తెచ్చి ఒక్కొక్కటీ పెట్టాం. 315 మిల్లీమీటర్ల ఫోర్ జా చక్ 43 కిలోలు. 250 త్రీ జా చక్ 27. మిల్లింగ్ మెషిన్ వైస్ తిరిగే అడుగుతో కలిపి 38. డివైడింగ్ హెడ్ 52. పన్నెండంగుళాల రోటరీ టేబుల్ 68. ఇన్నేళ్లలో వీటి బరువెంతో నాకు ఒక్కసారీ తెలియదు. "బరువుగా ఉంటుంది", "బాగా బరువు", "ఇద్దరు కావాలి" అనే మాటలే మా కొలతలు.

చక్ విషయంలో కాటాను నమ్మాలా అని లెక్క వేసి చూశాను. పోత ఇనుము ఘన సెంటీమీటరుకు 7.2 గ్రాములు. 31.5 సెంటీమీటర్ల వ్యాసం, 9.5 దళసరి ఉన్న గట్టి బిళ్ల అయితే 53 కిలోలు. మధ్య రంధ్రానికి అయిదు కిలోలు పోతాయి, జాలు కదిలే గాడులకు, వెనక బోలుకు మరికొంత. 43 సరిగ్గానే ఉంది.

ప్రతి వస్తువు మీదా దాని బరువును పసుపు పెయింటుతో, రెండంగుళాల అంకెలతో రాయించాను. ఈ మొత్తం పనిలో ఖర్చు అతి తక్కువైనది ఇదే, అన్నింటికంటే ముందు చేయవలసిందీ ఇదే.

జూన్ 13

43 కిలోలంటే సిమెంటు బస్తా కంటే తక్కువే కదా అన్నారు మేస్త్రిగారు. నిజమే. కానీ బస్తాను భుజాన వేసుకుంటాం, ఒంటికి ఆనించుకుంటాం. చక్‌ను అలా పట్టుకోలేం. లేత్ ముందు ఇనుప రజను పడే చిప్ ట్రే ఉంటుంది, దాని వెనక బెడ్, ఆ పైన స్పిండిల్. మన కాళ్ల నుంచి చక్ దాకా టేపు పెట్టి కొలిస్తే 52 సెంటీమీటర్లు వచ్చింది. అంటే చేతులు చాచి, నడుము వంచి మోయాలి.

అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ సంస్థకు బరువులెత్తడం గురించి ఒక సూత్రం ఉంది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఒక మనిషి ఎత్తదగిన బరువు 23 కిలోలని అది మొదలుపెడుతుంది. ఆ అనుకూలతల్లో మొదటిది, బరువు చీలమండల నుంచి 25 సెంటీమీటర్లలోపు ఉండటం. దూరం రెట్టింపైతే బరువు సగం కావాలి. మా లేత్ దగ్గర దూరం 52. దాని ప్రకారం ఒక మనిషి వాటా 11 కిలోలు. ఇద్దరు పట్టుకుంటే మా వాళ్ల మీద చెరి 21 కిలోలకు పైగా పడుతోంది. నడుము మెలితిప్పడాన్ని, జిడ్డు చేతుల్ని లెక్కలోకి తీసుకుంటే ఆ 11 ఇంకా తగ్గుతుంది.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మేస్త్రిగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా నడుం నొప్పికి వయసు కారణమనుకున్నాను బాబూ" అన్నారు.

2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 34వ సెక్షను ఇదే చెప్పింది: గాయం కలిగించేంత బరువును ఎవరిచేతా ఎత్తించరాదని. మా షాపులో పదిమంది లేరు కాబట్టి ఆ చట్టం మా గుమ్మం దాకా రాలేదు. చట్టం రాదని వేలు నలగకుండా ఉండదు.

జూన్ 16

ఆదివారం, షాపు మూసి ఉంది. చక్‌కు చెక్క ఊయల చేశాను. ఇంత చిన్న వస్తువును ఇరవై ఏళ్ల క్రితమే ఎందుకు చేయలేదా అని రోజంతా అనిపించింది.

దాని పని ఒక్కటే: స్పిండిల్ ఎత్తులోనే చక్‌ను కింద నుంచి మోయడం. అప్పుడు ఊడదీసేటప్పుడు పడటానికి దానికి చోటు ఉండదు, ఎక్కించేటప్పుడు ఎత్తవలసిన పని ఉండదు. బెడ్ మీద తోసుకుంటూ పోతే నేరుగా స్పిండిల్‌లోకి వెళ్తుంది.

కొలతలు ఇలా తీశాను. స్పిండిల్‌లో టెస్ట్ బార్ పెట్టి, బెడ్ మీది చదును దారి నుంచి హైట్ గేజ్‌తో చూస్తే సెంటర్ ఎత్తు 220 మిల్లీమీటర్లు. చక్ వ్యాసార్ధం 157.5. మిగిలేది 62.5. ఊయల అడుగున, సరిగ్గా మధ్యలో, దళసరి అంత ఉండాలి. నల్లతుమ్మ దుంగ నుంచి కోయించి, వంపు అడుగును 60కి తెచ్చి, పైన పాత కన్వేయర్ బెల్టు నుంచి కోసిన 3 మిల్లీమీటర్ల రబ్బరు అంటించాను. 43 కిలోలు పడగానే రబ్బరు అర మిల్లీమీటరు అణుగుతుందని అనుకున్నాను. డయల్ పెట్టి చూస్తే 0.4 అణిగింది. చాలు. చక్ వెనకనుండే పిన్నులు స్పిండిల్ రంధ్రాల్లోకి దూరడానికి ఆ తేడా అడ్డు రాదు.

అడుగున బెడ్ వి-దారికి సరిపడా గాడి తీశాను, ఊయల అటూ ఇటూ పోకుండా. వంపు చక్ ఎత్తులో మూడోవంతు దాకా పైకి వచ్చింది, దొర్లే అవకాశం లేదు. ఒక జాగ్రత్త పాటించాలి. చక్ జాలు నాలుగూ అంచుకు లోపలే ఉండాలి. ఒక్క జా బయటికి పొడుచుకుని వచ్చినా ఊయలలో చక్ పూర్తిగా కూర్చోదు, పిన్నులు రంధ్రాలకు అందవు.

సోమవారం వాడి చూశాం. ఊయల పెట్టి, క్యాములు తిప్పి, చెక్క సుత్తితో కొట్టాం. ఈసారి మొదటి దెబ్బకే ఊడింది, ఊడినా ఎక్కడికీ పోలేదు. అరచేతిని చక్ ముఖం మీద పెట్టి కుడివైపు తోశాను. కింద చెయ్యి పెట్టవలసిన అవసరమే రాలేదు.

జూన్ 19

స్పిండిల్ దగ్గర కష్టం తీరింది. కానీ ఊయల నుంచి చక్‌ను అరలోకి, అర నుంచి ఊయలకు చేర్చేది ఎవరు? దానికి క్రేను కావాలి.

మొదట తట్టింది రేకుల షెడ్డు కప్పును మోసే ట్రస్సుకు చైన్ పుల్లీ వేలాడదీయడం. చుట్టుపక్కల చాలా షెడ్లలో అలాగే ఉంటుంది. సివిల్ ఇంజినీరైన మా బావకు ఫోను చేశాను. "ఆ ట్రస్సు రేకుల్ని, గాలిని మోయడానికి కట్టింది. దానికి నువ్వు ఒకచోట రెండొందల కిలోలు వేలాడదీస్తే, అది వంగేదాకా నీకు తెలియదు, వంగాక తెలిసినా లాభం లేదు" అన్నాడు. గ్యారేజీల్లో ఇంజిన్లు ఎత్తే చక్రాల క్రేను తెచ్చి చూశాం. దాని కాళ్లు లేత్ కిందికి దూరవు, చిప్ ట్రే తగులుతుంది. చివరికి లేత్‌కూ మిల్లింగ్ మెషిన్‌కూ మధ్య ఒక స్తంభం, దానికి తిరిగే చెయ్యి: జిబ్ క్రేను. రెండు మీటర్ల చెయ్యి అయితే రెండు మెషిన్లకూ, గోడ పక్కనున్న అరలకూ అందుతుంది.

మా అత్యధిక బరువు 68 కిలోలు, అప్పుడప్పుడు కోతకు వచ్చే పెద్ద జాబులు 180 దాకా ఉంటాయి. 250 కిలోలకు కడదామని నిర్ణయించాం.

జూన్ 23

బావ వచ్చి లెక్కలన్నీ నా ముందే వేశాడు. క్రేను చెయ్యికి ఐఎస్ఎంబి 125 బీము, అంటే 125 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐ ఆకారపు ఉక్కు దూలం. కొనన 250 కిలోలు, గొలుసు కుదుపుకు పాతికశాతం అదనం, బీము సొంత బరువు కలుపుకుంటే చెయ్యి స్తంభానికి కలిసేచోట వచ్చే ఒత్తిడి సుమారు 90 మెగాపాస్కల్స్. ఈ ఉక్కు లొంగిపోయే హద్దు 250. బలం విషయంలో ఏ భయమూ లేదు. వంపు దగ్గరే ఆలోచించవలసి వచ్చింది. నేను ఆరంగుళాల పైపు స్తంభంగా అనుకున్నాను. దానితో కొన రెండు సెంటీమీటర్లు దిగుతుందని తేలింది. కొన దిగితే పుల్లీని మోస్తూ బీము మీద దొర్లే ట్రాలీ దానంతట అదే బయటికి జారుతుంది, బరువుతో సహా. ఎనిమిదంగుళాల పైపుకు మారాం. దిగుడు 13 మిల్లీమీటర్లకు తగ్గింది.

"బావా, నేలకు యాంకర్ బోల్టులు కొడితే సరిపోదా?" అని అడిగాను.

"నీ నేల నాలుగంగుళాల మందం. అది కాలికింద చాపలాంటిది. చాపను పట్టుకుని స్తంభం నిలబడదు."

కాబట్టి నేల కోసి, మీటరు పొడవు, మీటరు వెడల్పు, 90 సెంటీమీటర్ల లోతు గొయ్యి. అందులో పట్టే కాంక్రీటు రెండు టన్నులకు పైనే. క్రేను పడదోయాలని చూసే శక్తికి ఆ బరువొక్కటే ఒకటిన్నర రెట్లకు పైగా అడ్డు నిలుస్తుంది.

జూన్ 26

ఇవాళ కాంక్రీటు పోశాం. ఎనిమిది ఎం20 (20 మిల్లీమీటర్ల) బోల్టుల్ని ఒక ప్లేటుకు బిగించి, ఆ ప్లేటును మట్టం చూసి నిలబెట్టి మరీ పోశాం. విడివిడిగా గుచ్చితే తర్వాత స్తంభం రంధ్రాలు కలవవు. పైన గోనె సంచులు కప్పాం. రోజుకు మూడుసార్లు తడపడం కుర్రాడు తనంతట తాను తీసుకున్నాడు, కట్టు ఉన్న చెయ్యి వెనక పెట్టుకుని, కుడిచేత్తో.

జులై 4

రాణీగంజ్‌కు వెళ్లి కొక్కేలు, బరువెత్తే బెల్టులు, తలకు వలయం ఉండే ఐ బోల్టులు కొన్నాను. ఐ బోల్టు గురించి వివరంగా రాయాలి.

ఒక దుకాణంలో ఎం12 ఐ బోల్టు అడిగితే రెండు రకాలు ముందు పెట్టారు. ఒకటి కమ్మీని గుండ్రంగా వంచి చేసినది. వలయం కలిసేచోట సన్నని సందు, వెల్డింగ్ కూడా లేదు, భుజం లేదు, మీద ఏ గుర్తూ లేదు. రెండోది ఫోర్జింగ్, వలయం కింద వెడల్పాటి భుజం, వలయం మీద సైజు, మోయగల బరువు ఉబ్బెత్తుగా ఉన్నాయి. ధరలో నాలుగు రెట్లు తేడా. "రెండూ ఒకటే సార్, అందరూ ఇదే తీసుకెళ్తారు" అని మొదటిదాన్ని ముందుకు జరిపారు.

రెండూ కొన్నాను. షాపుకు వచ్చి వంచిన కమ్మీని వైస్‌లో బిగించి, వలయంలో పలుగు దూర్చి ఒక చేత్తో లాగాను. సందు పెన్సిల్ పట్టేంత తెరుచుకుంది. దాన్ని అలాగే తాడుకు కట్టి అరకు వేలాడదీశాను, మా వాళ్లు రోజూ చూసేలా.

డిఐఎన్ 580 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం చేసిన ఎం12 ఐ బోల్టు నిలువుగా లాగితే 340 కిలోలు మోస్తుంది. అదే బోల్టును 45 డిగ్రీల వాలుగా లాగితే 240కి పడిపోతుంది. అది కూడా భుజం పూర్తిగా ఆనితేనే. భుజానికీ వస్తువుకూ మధ్య సందుంటే బోల్టు మెడ దగ్గర వంగుతుంది, ఆ అంకెలేవీ వర్తించవు.

బెల్టులు ఊదారంగువి తీసుకున్నాను. యూరప్ ప్రమాణం ప్రకారం ఊదా ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు. రంగు చూసి మురిసిపోకూడదు, కుట్టిన చీటీ ఉందో లేదో చూడాలి. చీటీ ఊడిన బెల్టు మా షాపులో బరువెత్తదు. ఉరి వేసి పట్టుకుంటే ఆ టన్ను కూడా 800 కిలోలే.

జులై 7

చక్‌కు ఐ బోల్టు రంధ్రం వేశాను. చక్ అంచున, రెండు జాల మధ్య, వెనకనుంచి చూసి పోత గట్టిగా ఉన్నచోట. దళసరి 45 మిల్లీమీటర్లు దొరికింది. 32 లోతు డ్రిల్, అందులో 26 దాకా ఎం12 మర. పోత ఇనుము పెళుసు, ఉక్కులో కంటే మర లోతు ఎక్కువ ఉండాలి. రంధ్రం స్థానాన్ని అందాజుగా పెట్టలేదు. చక్‌ను బెల్టుతో వేలాడదీసి, అది సమంగా నిలిచిన చోటు గీసుకుని, ఆ గీత మీదే పంచ్ కొట్టాను. లేకపోతే వేలాడేటప్పుడు ముక్కు కిందికి వాలి స్పిండిల్‌కు సూటిగా రాదు. రంధ్రంలోంచి పోయింది పాతిక గ్రాముల లోపే అయినా, ఎదురుగా అంతే లోతున ఇంకొకటి వేశాను, తిరిగేటప్పుడు తూకం చెడకుండా.

రాత్రి నిద్ర పట్టలేదు. ఐ బోల్టు తీయడం మరిచి ఎవరైనా లేత్ ఆన్ చేస్తే? నిమిషానికి 400 చుట్లు తిరిగే చక్ అంచున పొడుచుకు వచ్చిన ఉక్కు వలయం. నలిగిన వేలు దానిముందు లెక్కలోకి రాదు.

మర్నాడు పొద్దున్నే చేసిన మొదటి పని: ఐ బోల్టుకు ఎర్ర పెయింటు. స్టార్టింగ్ లివర్‌కు జానెడు దూరంలో ఒక మేకు. చక్‌లో లేనప్పుడు ఐ బోల్టు ఉండవలసిన చోటు ఆ మేకే. మేకు ఖాళీగా ఉంటే లివర్ ముట్టకూడదు. షాపులో అలాంటి బోల్టు ఒక్కటే ఉంచాను, రెండోది ఉంటే ఈ ఏర్పాటుకు అర్థం లేదు.

జులై 14

కాంక్రీటుకు 18 రోజులు. స్తంభం వెల్డింగ్ అయిపోయి షాపు బయట పడి ఉంది. నిలబెట్టేద్దామని అందరికీ ఆత్రం. బావ 28 రోజులకు ఒక్కరోజు తగ్గినా ఒప్పుకోనన్నాడు.

ఈలోగా మిల్లింగ్ మెషిన్ వైపు ట్రాలీ తయారైంది. పాత హైడ్రాలిక్ కత్తెర ట్రాలీ, సీళ్లు మార్పించి తెచ్చాను. రోటరీ టేబుల్, వైస్, డివైడింగ్ హెడ్ మూడింటినీ నేల మీద నుంచి తీసి నడుము ఎత్తు అరల్లోకి చేర్చాం. అర నుంచి ట్రాలీ మీదికి లాగి, పెడల్ తొక్కి మెషిన్ టేబుల్ ఎత్తుకు తెచ్చి, తోస్తే చాలు.

తోసినప్పుడే ఒక సంగతి తెలిసింది. 68 కిలోల రోటరీ టేబుల్‌ను మెషిన్ వైపు నెడుతుంటే ట్రాలీ మన వైపు జరిగింది. చక్రాలకు బ్రేకులు వేసే ఉన్నాయి, నూనె నేల మీద చక్రం తిరగకుండానే జారింది. రోటరీ టేబుల్ సగం ఇటు, సగం అటు, మధ్యలో మూడు వేళ్ల సందు. వెంటనే ఆపి ట్రాలీని వెనక్కి ఒత్తాం. సాయంత్రానికల్లా ట్రాలీకి రెండు కొక్కేలు పెట్టించాను. అవి మెషిన్ టేబుల్ టి-గాడిలో పెట్టిన బోల్టులకు తగులుకుంటాయి. కొక్కేలు తగిలించాకే తోయాలి.

జులై 24

28 రోజులు పూర్తి. స్తంభం నిలిచింది, చెయ్యి ఎక్కింది. బీముకు రెండు చివరలా ట్రాలీ పడిపోకుండా అడ్డు బోల్టులు వెల్డింగ్ కాకుండా నట్లతో, అవసరమైతే మార్చుకునేలా పెట్టాం.

నేను 500 కిలోల చైన్ పుల్లీ కొని ఉంచాను, ఎక్కువే మంచిది కదా అని. బావ చూసి తల అడ్డంగా ఊపాడు. "రేపు కొత్తగా వచ్చినవాడు పుల్లీ మీద అర టన్ను అని చదువుతాడు, అర టన్ను ఎత్తుతాడు. క్రేను 250దని వాడికి ఎవరు చెప్తారు?" వెనక్కిచ్చి 250 కిలోలది తెచ్చాను. పుల్లీ తేలికైంది, ఖర్చూ తగ్గింది.

జులై 28

పరీక్ష. నిర్ణయించిన బరువుకు పాతికశాతం ఎక్కువ, అంటే 312 కిలోలు ఎత్తాలి. బరువులకు మా దగ్గరున్న 100 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీలే వాడాం. వ్యాసం స్క్వేర్ బై 162: మీటరుకు 61.7 కిలోలు. మీటరు ముక్కలు ఐదు కట్టి, పైన చక్ జాల డబ్బా పెట్టాం. చైన్ పుల్లీ కూడా 250దే కాబట్టి పరీక్ష బరువును దానితో ఎత్తలేదు. పాత కత్తెర ట్రాలీ మీద కడ్డీల కట్టను పెట్టి, బీము కొనకు గొలుసు, టర్న్ బకిల్ తగిలించి, బిగించి, ట్రాలీని కిందికి దించాం. కట్ట ట్రాలీ పలకకు రెండంగుళాల ఎత్తున నిలిచింది.

అందరినీ చెయ్యి తిరిగే పరిధి బయట నిలబెట్టాను. కొన 17 మిల్లీమీటర్లు దిగింది. పది నిమిషాలు అలాగే ఉంచాం. దించాక కొన తిరిగి మొదటి చోటుకే వచ్చింది, డయల్ ముల్లు సున్నా మీదే. బేస్ బోల్టుల్లో ఏదీ వదులు కాలేదు. వెల్డింగుల మీద చీలిక చూపే ఎర్ర ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లి చూశాం. ఎక్కడా గీత రాలేదు.

ఆగస్టు 3

కుర్రాడి కట్టు తీసేసి నెల దాటింది, వేలు పూర్తిగా మడుస్తున్నాడు. ఇవాళ అతనికి, ఇద్దరు కొత్తవాళ్లకు బెల్టు కోణం చూపించాను. మాటలతో చెబితే ఎక్కదు. రెండు స్ప్రింగు కాటాలు తెచ్చి, 20 కిలోల దిమ్మెను రెండు తాళ్లతో వాటికి వేలాడదీశాను. తాళ్లు నేలకు 60 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు ఒక్కో కాటా పదకొండున్నర చూపింది. దూరం జరిపి 45కు తెస్తే 14. ఇంకా జరిపి 30కి తెచ్చేసరికి రెండు కాటాలూ ఇరవై ఇరవై చూపాయి.

"అన్నా, ఇరవై కిలోలే కదా ఉంది, నలభై ఎలా వచ్చింది?" అని కుర్రాడు అడిగాడు. తాళ్లు దిమ్మెను పైకి లాగడంతోపాటు ఒకదాన్నొకటి పక్కకు లాక్కుంటున్నాయని చెప్పాను. అతను దిమ్మెను తనే మళ్లీ మళ్లీ జరుపుతూ, ముల్లు కదలడం చూస్తూ పావుగంట అక్కడే నిలబడ్డాడు. తర్వాత నేను చెప్పకుండానే గోడ మీద సుద్దతో 60 డిగ్రీల గీత గీశాడు, బెల్టు అంతకంటే వాలితే పొడవు బెల్టు తీసుకోవాలని.

ఆగస్టు 11

కుర్రాడు ఒక్కడే చక్ మార్చాడు. నేను గడియారం చూశాను: 14 నిమిషాలు. ఇదివరకు ఇద్దరు కలిసి 12 నిమిషాల్లో చేసేవారు. రెండు నిమిషాలు ఎక్కువ, ఒక మనిషి తక్కువ. ఊయల పెట్టాడు, క్యాములు తిప్పాడు, తోశాడు, ఎర్ర ఐ బోల్టు మేకు నుంచి తీసి చక్‌కు భుజం ఆనేదాకా బిగించాడు, గొలుసు లాగి అరలో దించాడు. ఐ బోల్టు మేకుకు తిరిగి తగిలించి, ఒకసారి వేలితో తాకి చూశాకే లివర్ వైపు వెళ్లాడు.

మిగిలిన పనులు: పొడవాటి కడ్డీలకు ఆసరా ఇచ్చే స్టెడీ రెస్ట్‌కు, 250 చక్‌కు వేరే ఊయలలు. ఒకదాని కొలత ఇంకోదానికి సరిపోదు. చెయ్యి పూర్తిగా తిరిగినప్పుడు ప్రాగా కట్టర్ గ్రైండర్ మీది దీపానికి కొక్కెం తగులుతోంది, దీపాన్ని గోడకు మార్చాలి. ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను ఎత్తే సామగ్రిని పన్నెండు నెలలకొకసారి పరీక్షించమనేది. మాకూ అదే గడువు పెట్టుకున్నాను. బీము మీద '250 కిలోలు' అన్న అంకె కింద వచ్చే జులై 28 తేదీ రాయించాను. బెల్టులకు మాత్రం ఏడాది ఆగను. ప్రతి సోమవారం పొద్దున షట్టరు ఎత్తగానే మేస్త్రిగారు వాటిని వెలుతురులో చాచి, రెండువైపులా వేళ్లతో తడిమి చూస్తున్నారు.